డిశ్చార్జి సమ్మరీ చదవడం ఎలా: కడుపు, గుండె, నరాల జబ్బుల పేర్లు అర్థం చేసుకునే పద్ధతి

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నాలుగైదు పేజీల డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెడతారు. మనవాళ్ళు ఆఖరి పేజీలో మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చూసుకుని, మిగతాదంతా ఫైల్లో పెట్టి ఆ ఫైలుని బీరువా మీదికి ఎక్కించేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు "ఇంతకుముందు ఏం జబ్బు చేసింది?" అని అడిగితే "గుండెకి ఏదో అయిందండీ, ఏదో వేశారు" అంటారు. వేసింది స్టెంటా, పేస్‌మేకరా, వాల్వా అన్నదాన్ని బట్టి ఆ డాక్టరు ఇచ్చే మందులు, చేయించే స్కానింగులు అన్నీ మారిపోతాయి. నా పని ఆస్పత్రి రికార్డ్స్ సెక్షన్‌లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ కాగితాల మధ్యే. ఇందులో ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకి కూడా అర్థం కానివి చాలా ఉంటాయి, కానీ పద్ధతి తెలిస్తే ఎవరైనా ముప్పాతిక వంతు చదువుకోగలరు. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇదంతా కాగితం అర్థం చేసుకోవడానికి, డాక్టర్ని సరైన ప్రశ్న అడగడానికి. చదివి మనమే వైద్యం మొదలుపెట్టడానికి కాదు.

కాగితం తీయగానే మందుల దగ్గరికి పోవద్దు. మొదటి పేజీలో ఫైనల్ డయాగ్నోసిస్ అని ఉంటుంది, అసలు జబ్బు పేరు అదే. దాని కింద ప్రొసీజర్ అనే చోట ఏం చేశారో, ఏ తేదీన చేశారో రాస్తారు. ఈ రెండు లైన్లూ ఒక చిన్న కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి, లేదా ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ఇంట్లో ఒక్కరికి కాదు, ఇద్దరికి ఆ ఫోటో పంపండి.

పదాన్ని ముక్కలు చేయండి

ఈ పేర్లు చూడ్డానికి కొండంత ఉంటాయి గానీ చాలావాటిలో రెండు మూడు ముక్కలే ఉంటాయి. ముందు ముక్క ఏ అవయవమో చెబుతుంది, చివరి ముక్క దానికేమైందో, లేదా దానికేం చేశారో చెబుతుంది. గ్యాస్ట్రో అంటే జీర్ణకోశం (తిన్న అన్నం చేరే సంచి), ఎంటెరో అంటే పేగు, కోలో అంటే పెద్దపేగు, హెపటో అంటే కాలేయం, కార్డియో అంటే గుండె, మయో అంటే కండరం, న్యూరో అంటే నరం, ఎన్‌సెఫలో అంటే మెదడు. ఇక చివర్న ఐటిస్ అని వస్తే అక్కడ వాపు, మంట ఉన్నట్టు. ఈ ఒక్క తోక తెలిస్తేనే సగం పేర్లు విడిపోతాయి: గ్యాస్ట్రైటిస్ జీర్ణకోశం లోపలి పొర వాపు, హెపటైటిస్ కాలేయం వాపు, మయోకార్డైటిస్ గుండె కండరం వాపు, ఎన్‌సెఫలైటిస్ అంటే మన పేపర్లలో వచ్చే మెదడువాపు. గ్యాస్ట్రోఎంటెరైటిస్ చూడండి, జీర్ణకోశం, పేగు, వాపు, అంతే. వాంతులూ విరేచనాలూ పట్టుకుని అడ్మిట్ అయినవాళ్ళ కాగితం మీద తరచుగా ఉండే మాట ఇది.

చేసిన పనిని చెప్పే తోకల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆపరేషన్‌కి ముందు మన చేత సంతకం పెట్టించుకునే కాగితంలో ఉండేవి ఇవే. స్కోపీ అంటే గొట్టం పెట్టి చూడటం. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. ఆస్టమీ అంటే బయటికి దారి పెట్టడం. కాబట్టి కోలనోస్కోపీ అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసి బయటికి వచ్చేయడం, కోలెక్టమీ అంటే పెద్దపేగుని కొంతో మొత్తమో తీసేయడం, కోలాస్టమీ అంటే పొట్ట మీద రంధ్రం పెట్టి మలం సంచిలోకి వచ్చేలా చేయడం. మూడూ వినడానికి దగ్గరదగ్గరగా ఉన్నా, ఒకటి సాయంత్రానికి ఇంటికి పంపేది, ఇంకోటి జీవితాన్నే మార్చేది. సంతకం పెట్టేముందు ఆ తోక ఒక్కటి చూసి "తీసేస్తున్నారా, చూస్తున్నారా, సంచి పెడుతున్నారా? సంచి పెడితే తాత్కాలికమా, ఎప్పటికీనా?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడే చోటు కాదిది.

గుండె దగ్గర కూడా ఇదే తోకల తేడా మనవాళ్ళని తికమకపెడుతుంది. గ్రామ్ అంటే బొమ్మ తీయడం, ప్లాస్టీ అంటే సరిచేయడం. "యాంజియో చేశారండీ, బ్లాక్ పోయింది" అని చాలామంది ధైర్యంగా ఉంటారు, కాగితం తీసి చూస్తే చేసింది యాంజియోగ్రామ్ మాత్రమే, అంటే బ్లాక్ ఎక్కడుందో చూశారు గానీ దాన్ని తీయలేదు. యాంజియోప్లాస్టీ చేస్తేనే బ్లాక్ తెరిచినట్టు. కాగితం మీద మొదటిది సీఏజీ అని, రెండోది పీటీసీఏ అనో పీసీఐ అనో పొడి అక్షరాల్లో ఉంటుంది.

కడుపు

పిత్తాశయం రాళ్ళు మనవైపు బాగా కనిపించే సమస్య, పేర్లు కూడా అక్కడే ఎక్కువ గజిబిజి. కోలీసిస్ట్ అంటే పిత్తాశయం, లిథియాసిస్ అంటే రాళ్ళుండటం. కోలీలిథియాసిస్ అని అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఉంటే పిత్తాశయంలో రాళ్ళున్నాయని మాత్రమే, నొప్పీ గిప్పీ లేకపోతే చాలామందికి వెంటనే ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు. కోలీసిస్టైటిస్ అంటే పిత్తాశయం వాచింది, ఇది వేరే కథ, జ్వరం, కుడి డొక్క పైభాగాన నొప్పి ఉంటాయి. కోలెడోకోలిథియాసిస్ అంటే రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కుంది, దీన్ని వాయిదా వేయకూడదు, కామెర్లకీ పాంక్రియాస్ (క్లోమం) వాపుకీ దారితీస్తుంది. ఈ మూడూ కోలీ, కోలె అనే మొదలవుతాయి, కోలైటిస్ కూడా అలాగే వినిపిస్తుంది, కానీ అది పెద్దపేగు వాపు, పిత్తాశయంతో సంబంధమే లేదు.

కామెర్ల గురించి గట్టిగా చెప్పాలి. కామెర్లు జబ్బు కాదు, లక్షణం. కాగితంలో జాండిస్ అనో ఇక్టెరస్ అనో రాస్తారు. కాలేయానికి వైరస్ సోకితే వస్తుంది, మందులు పడకపోతే వస్తుంది, పైత్యనాళానికి రాయో గడ్డో అడ్డుపడితే వస్తుంది. అడ్డుపడి వచ్చినదాన్ని అబ్‌స్ట్రక్టివ్ జాండిస్ అంటారు, దాంట్లో తరచుగా మలం సుద్దలా తెల్లబడుతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది. హెపటైటిస్ ఎ రకం కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. నాళం అడ్డుపడ్డ మనిషిని వారాల తరబడి పసరు మీద, పత్యం మీద ఉంచితే లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ రిపోర్టు చేతికొస్తే డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "నాళానికి అడ్డేమైనా ఉందా?" అన్నదే.

రక్తం పోవడానికి మూడు మాటలున్నాయి, మూడూ వేర్వేరు. హెమటెమసిస్ అంటే రక్తపు వాంతి. మెలీనా అంటే తారులా నల్లగా, జిగటగా, ఘోరమైన వాసనతో వచ్చే విరేచనం, ఇది సాధారణంగా పైన జీర్ణకోశంలోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతోందని చెబుతుంది. హెమటోకీజియా అంటే ఎర్రటి రక్తం మలంతో రావడం, తరచుగా కింది భాగం నుంచి వచ్చేది. ఎర్రగా కనిపిస్తే కంగారుపడి పరిగెత్తేవాళ్ళు నల్లగా వస్తే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి పడుకుంటారు, నిజానికి నల్లటిది ఏమాత్రం తక్కువ ప్రమాదం కాదు. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు నెలల తరబడి మింగేవాళ్ళు, వాటివల్ల కడుపులో రక్తం కారొచ్చు కాబట్టి, దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్ళకి కూడా విరేచనం నల్లబడుతుంది, కాబట్టి డాక్టరుకి చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పండి.

అల్సర్ పక్కన హెచ్. పైలోరీ పాజిటివ్ అని ఉంటే అదో బ్యాక్టీరియా. ఒకప్పుడు అల్సర్ అంటే కారం, టెన్షన్ అనే అనుకునేవాళ్ళు. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తానే తాగి కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు, రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి 2005లో నోబెల్ వచ్చింది. అందుకే ఇప్పుడు అల్సర్‌కి యాంటీబయాటిక్స్ కూడా ఇస్తారు. మంట తగ్గింది కదా అని ఆ కోర్సు సగంలో ఆపకూడదు.

ఇక ఐబీఎస్, ఐబీడీ. ఒక్క అక్షరమే తేడా. ఐబీఎస్ పేగు కదలికల్లో తేడా, ఇబ్బంది పెడుతుంది గానీ పేగుని పాడుచేయదు. ఐబీడీ అంటే అల్సరేటివ్ కోలైటిస్, క్రోన్స్ లాంటివి, పేగులో నిజంగానే పుండ్లు పడతాయి, ఏళ్ళ తరబడి వైద్యం కావాలి. ఫోన్లో చుట్టాలకి చెప్పేటప్పుడు ఈ ఒక్క అక్షరం తప్పుపోతే ఇల్లంతా అనవసరంగా భయపడుతుంది, లేదా అవసరమైన చోట భయపడదు. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అంటే కాలేయంలో కొవ్వు చేరడం మొదలైంది, బరువు, షుగర్, మద్యం అలవాటు చూసుకోవాలి.

గుండె

రోజూ మా టేబుల్ మీదికి వచ్చే రకం లైన్ ఒకటి తీసుకుని విడదీద్దాం: "కె/సి/ఓ హెచ్‌టీఎన్, టీ2డీఎం. ఏసీఎస్, ఏడబ్ల్యూఎంఐ. సీఏజీ: ఎస్‌వీడీ. పీటీసీఏ విత్ డీఈఎస్ టు ఎల్ఏడీ. మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్, ఈఎఫ్ 40%."

కె/సి/ఓ అంటే ఇదివరకే ఉన్న జబ్బులు: హెచ్‌టీఎన్ బీపీ, టీ2డీఎం రెండో రకం షుగర్. ఏసీఎస్ అంటే గుండె రక్తనాళంలో ఉన్నట్టుండి ఇబ్బంది వచ్చింది. ఏడబ్ల్యూఎంఐలో ఎంఐ అంటే హార్ట్ ఎటాక్, ఏడబ్ల్యూ అంటే గుండె ముందు గోడ, అదే ఐడబ్ల్యూ అని ఉంటే కింది గోడ. యాంజియోగ్రామ్‌లో ఎస్‌వీడీ, అంటే ఒక్క నాళంలో బ్లాక్, డీవీడీ అంటే రెండు, టీవీడీ అంటే మూడు. ఎల్ఏడీ అనేది గుండె ముందు వైపు దిగే పెద్ద నాళం, దాన్ని బెలూన్‌తో తెరిచి మందు పూసిన స్టెంట్ పెట్టారు, ఆ మందు స్టెంటే డీఈఎస్. చివరిది, గుండె ఎడమ గది కొట్టుకునే బలం కొంత తగ్గింది. చూశారా, ఒక మనిషికి జరిగిందంతా రెండు లైన్లలో ఉంది.

ఈఎఫ్ గురించి ఆగి చెప్పాలి. టూడీ ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్ 60% అని చూసి "గుండె అరవై శాతమే పనిచేస్తోందట" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళని చూస్తుంటాను. అలా కాదు. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి పోతోందో ఆ అంకె చెబుతుంది. ఎంత ఆరోగ్యంగా ఉన్న గుండైనా మొత్తం రక్తాన్ని ఒక్కసారే బయటికి తోయదు. సుమారు 55 నుంచి 70 దాకా మామూలే. 40 లేదా అంతకంటే తక్కువైతే తగ్గినట్టు. అలాగే ట్రివియల్ టీఆర్, ట్రివియల్ ఎంఆర్ అని ఉంటే వాల్వ్ దగ్గర లేశమాత్రం లీకు, ఆరోగ్యవంతుల్లో కూడా కనిపిస్తుంది. టీఎంటీ పాజిటివ్ అంటే మంచిది కాదు, నడిపించినప్పుడు ఈసీజీలో తేడా వచ్చింది, బ్లాక్ ఉందేమో చూడాలి అని. టీఎంటీలో మనం కోరుకునేది నెగటివే.

మూడు మాటలు కలిపేసి మాట్లాడతారు: హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్. బోరు మోటారు అనుకోండి. పైపు మూసుకుపోతే ఎటాక్, మోటారు ఠక్కున ఆగిపోతే అరెస్ట్, ఏళ్ళు గడిచి నీళ్ళు తోసే శక్తి తగ్గిపోతే ఫెయిల్యూర్. ఎటాక్ వచ్చిన మనిషి స్పృహలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. అరెస్ట్ అయితే మనిషి పడిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి సరిగా ఉండదు, అక్కడికక్కడే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించాలి. ఫెయిల్యూర్ అని కాగితం మీద చూసి "గుండె ఆగిపోయిందా" అని హడలిపోనక్కర్లేదు, సీసీఎఫ్ అని కూడా రాస్తారు, మందులతో, ఉప్పు తగ్గించి ఏళ్ళ తరబడి నడిపించుకోవచ్చు, కానీ ఆయాసం, కాళ్ళ వాపు, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం కనిపెట్టి ఉండాలి.

మన ఇళ్ళల్లో అన్నిటికంటే నష్టం చేసే మాట గ్యాస్. గుండె నొప్పి ఎప్పుడూ ఎడమవైపు ఛాతీలోనే వస్తుందని లేదు. పై పొట్ట దగ్గర పట్టేసినట్టు, దవడ లాగినట్టు, రెండు భుజాలూ బరువెక్కినట్టు, చెమటలు, వాంతి, ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండా ఆయాసం మాత్రమే. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో ఇలా రావడం ఎక్కువ. సోడా, ఈనో, వాము నీళ్ళు అంటూ గంటలు గడిపేసి, అప్పటికీ తగ్గకపోతే బయల్దేరతారు. ఆ గంటల్లో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది, అది మళ్ళీ పుట్టదు. కొత్తగా వచ్చిన నొప్పి చెమటతో కలిసి వస్తే ముందు ఈసీజీ, గ్యాసా కాదా అనేది తర్వాత.

స్టెంట్ వేసినవాళ్ళ కాగితంలో డీఏపీటీ అని ఉంటే రెండు రకాల రక్తం పలుచన చేసే బిళ్ళలు కలిపి వాడాలని అర్థం, ఒకటి యాస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ లాంటిది. పన్ను పీకించుకోవాలనో, ఇంకేదో ఆపరేషన్ ఉందనో వీటిని మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. గుండె డాక్టర్ని అడిగాకే.

మెదడు, నరాలు

టీవీల్లో హార్ట్ స్ట్రోక్ అంటారు గానీ కాగితం మీద స్ట్రోక్ అంటే మెదడుదే. సీవీఏ అని రాసినా అదే, మన పక్షవాతానికి ఎక్కువసార్లు కారణం అదే. ఇన్‌ఫార్క్ట్ అంటే నాళం మూసుకుపోయి మెదడు భాగం దెబ్బతింది, హెమరేజ్ అంటే నాళం చిట్లి రక్తం కారింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటిదానికే, రెండోదానికి ఇస్తే ప్రాణాంతకం, అందుకే ఇంకేం చేయకముందే సీటీ స్కాన్‌కి పంపుతారు, డబ్బు కోసం కాదు. ఆ ఇంజెక్షన్‌కి మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే అవకాశం. కాబట్టి మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా టైము చూసుకుని, సీటీ ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్ళండి. ఫలానా ఊళ్ళో పక్షవాతానికి మందు ఇస్తారు, నూనె రాస్తారు అని ముందు అటు తీసుకెళ్తే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి.

లెఫ్ట్ ఎంసీఏ (మెదడుకి రక్తం అందించే ఒక పెద్ద నాళం) ఇన్‌ఫార్క్ట్ అని రాసి, పక్కనే రైట్ హెమిపరేసిస్ అని ఉంటే తప్పు రాశారని అనుకోకండి. మెదడు ఎడమవైపు దెబ్బతింటే ఒంట్లో కుడివైపు పడిపోతుంది. హెమి అంటే ఒక పక్క, పరేసిస్ అంటే బలం తగ్గింది, ప్లీజియా అంటే పూర్తిగా కదలిక పోయింది. మొదట హెమిప్లీజియా అని ఉండి, వెళ్ళేటప్పుడు హెమిపరేసిస్ అని ఉంటే మెరుగైనట్టే. టీఐఏ అంటే లక్షణాలు వచ్చి కాసేపట్లో పూర్తిగా పోయాయి. పోయాయి కదా అని ఇంటికి వెళ్ళిపోతారు, నిజానికి పెద్ద స్ట్రోక్ రాబోయే రోజుల్లో వచ్చే ప్రమాదం దీని తర్వాత ఎక్కువ, ఆ రోజే చూపించుకోవాలి.

ఇక్కడ చెవికి ఒక్కటే అనిపించే జంట ఒకటుంది: డిస్ఫేజియా రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో చివరి ఐ, ఏ అక్షరాలకి ముందు జి అక్షరం ఉంటే మింగడం కష్టం, ఎస్ అక్షరం ఉంటే మాట కష్టం. రెండూ పక్షవాతం తర్వాత వచ్చేవే. మింగడం కష్టమని రాసి ఉన్న మనిషికి ప్రేమకొద్దీ చెంచాతో నీళ్ళో కొబ్బరినీళ్ళో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. ముక్కులో రైల్స్ ట్యూబ్ పెట్టి పంపింది అందుకే. నోటితో ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్ళు చెప్పేదాకా ఆగాలి. ట్యూబ్‌లో పోసేటప్పుడు కూడా తల వైపు ఎత్తి కూర్చోబెట్టాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి.

ఫిట్స్‌ని సీజర్ అని రాస్తారు, ఒళ్ళంతా కొట్టుకుని స్పృహ పోయే రకాన్ని జీటీసీఎస్ అంటారు. ఒకసారి సీజర్ వచ్చినంత మాత్రాన మూర్ఛ వ్యాధి ఉన్నట్టు కాదు. షుగర్ బాగా పడిపోయినా, సోడియం తగ్గినా, చిన్నపిల్లలకి జ్వరం వచ్చినా ఫిట్స్ రావచ్చు. మళ్ళీ మళ్ళీ వచ్చే స్వభావం ఉందని తేలితేనే ఎపిలెప్సీ అని రాస్తారు. పెళ్ళి కావాల్సిన పిల్ల కాగితం మీద ఈ రెండు మాటల తేడా తెలియక ఊరంతా మూర్ఛ ముద్ర వేసేయడం అన్యాయం, ఎపిలెప్సీయే అయినా మందులతో చాలామందికి పూర్తిగా అదుపులో ఉంటుంది. ఇక ఫిట్స్ వస్తున్నప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మానండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108.

జీసీఎస్ అని ఐసీయూ కాగితాల్లో ఉండే అంకె స్పృహ కొలత, గ్లాస్గోలో 1974లో తయారైంది, అత్యధికం 15, అతి తక్కువ 3. సున్నా ఉండదు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళు "ఈరోజు జీసీఎస్ ఎంత?" అని అడిగితే "సీరియస్" అనే మాట కంటే స్పష్టమైన జవాబు వస్తుంది. ఎంఆర్ఐలో ఏజ్ రిలేటెడ్ అట్రోఫీ అని ఉంటే వయసుకి తగ్గట్టు మెదడు కొంచెం కుంచించుకుందని, అంతమాత్రాన మతిమరుపు జబ్బు అని కాదు. నరాల బలహీనత అనే పేరుతో మాత్రం ఏ కాగితంలోనూ జబ్బు కనిపించదు. అరికాళ్ళ తిమ్మిర్లు షుగర్ వల్ల అయితే న్యూరోపతీ అని, నడుం నుంచి కాల్లోకి లాగితే రాడిక్యులోపతీ అనో సయాటికా అనో ఉంటుంది. కాబట్టి డాక్టర్ దగ్గర "నరాల వీక్‌నెస్" అనకుండా ఎక్కడ, ఎప్పటినుంచి, తిమ్మిరా, మంటా, బలం లేకపోవడమా అని విడివిడిగా చెప్పండి.

ఆఖరి పేజీ

ఓడీ రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునేముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. ఏసీ తినకముందు, పీసీ తిన్నాక. ఎన్‌బీఎం అని ఉంటే నోటితో ఏమీ ఇవ్వకూడదు, నీళ్ళు కూడా. చేతిరాత అర్థం కాకపోతే ఊహించకండి, మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే నియమం వచ్చింది, మళ్ళీ రాసిమ్మని అడగొచ్చు.

ఎల్ఏఎంఏ లేదా డీఏఎంఏ అని పైన ఉంటే డాక్టరు వద్దన్నా మీరే తీసుకెళ్ళిపోయారని అర్థం. బిల్లు సెటిల్ చేసే హడావిడిలో ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తారు, తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ప్రశ్నలు రావచ్చు. డాక్టరు ఒప్పుకునే పంపిస్తుంటే అక్కడ ఆ మాట ఎందుకుందో అడిగి సరిచేయించుకోండి.

కాగితాలు పోతే మళ్ళీ అడగొచ్చు. అడ్మిట్ అయిన పేషెంట్ రికార్డు మూడేళ్ళు ఉంచాలి, పేషెంటో పేషెంట్ తరఫువాళ్ళో అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. రికార్డ్స్ సెక్షన్‌కి ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), అడ్మిట్ అయిన తేదీ రాసి, ఏమేం కావాలో కింద రాసి, అర్జీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. యాంజియోగ్రామ్ సీడీ, ఎంఆర్ఐ ఫిల్ములు కూడా అదే అర్జీలో అడగండి, రెండో అభిప్రాయం చెప్పే డాక్టరుకి రిపోర్టు కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.